కుండ పాటకి ఎన్నో స్థానం

గెర్షోమ్ జేరే గెలిచిన ఆ తగువుని పక్కింటి బానా కసూబా కళ్ళారా చూసింది. చూడాలని వెళ్ళలేదు, కుర్చీల కోసం వెళ్ళింది. సంఘానికి అరువిచ్చిన పన్నెండు ప్లాస్టిక్ కుర్చీల్లో అంతకు ముందు ఏడు ఒకటి మూడు కాళ్ళతో తిరిగొచ్చింది. అప్పట్నుంచీ కుర్చీలు ఎక్కడికెళ్తే ఆవిడా అక్కడికెళ్ళి, వాటిలో గట్టిదాని మీద తను కూర్చుని, మిగతావాటి మీద ఎవరెంత ఊగుతున్నారో కనిపెట్టి చూస్తుంది.

సంఘం అంటే చర్చి సంఘం కాదు. ముఫులిరా రాగి గని టౌన్‌షిప్పులో తల నెరిసిన ఏడుగురు మగవాళ్ళు పెట్టుకున్నది. పడుచుతనంలో తొడిగిన బెల్‌బాటం పాంట్లు మోకాళ్ళు దాటి పైకి రాకపోయినా పెట్టెలో దాచుకున్నవాళ్ళు. ఏడుగురికీ ఒక అధ్యక్షుడు, ఒక ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, ఉపకార్యదర్శి, కోశాధికారి, ప్రచార కార్యదర్శి. పదవులన్నీ పంచేసుకోగా మిగిలిన గెర్షోమ్ ఒక్కడే సభ్యుడు. ఏటా అక్టోబరు ఎండల్లో అతని పెరట్లోనే చేరి, ‘సెంటా’ అనే రాక్ బ్యాండు ఎప్పుడో చేసిన మూడో రికార్డు బయటికి తీసి, అందులోని ఎనిమిది పాటలకీ వరస కడతారు. ఏది మొదటిది, ఏది ఆఖరిది అని. కిందటేడు కట్టిన వరస ఏమైంది, పాటలేమన్నా పెరిగాయా అని బానా కసూబా ఒకసారి అడిగింది. ఏడుగురూ ఆవిడ వంక చూసిన చూపు, చర్చిలో తుమ్మిన మేకని చూసినట్టుంది.

ఆ ఏడు అధ్యక్షుడు లేచి, గొంతు సవరించుకుని, “ఎనిమిదో స్థానం: కుండ పాట” అని చదివాడు. ఆయన పేరు బోనిఫేస్ చిసెంగా. హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు గానీ ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. “కారణాలు చెబుతాను. పదకొండు నిమిషాల పాట. అందులో నాలుగు నిమిషాలు డోలు తప్ప ఏమీ లేదు. గిటారు లేదు. గొంతు లేదు. నాలుగు నిమిషాలు! ఈలోగా ఒక మనిషి స్నానం చేసి రావచ్చు.”

“అది గని లోపలి చీకటి సార్,” అన్నాడు కోశాధికారి. “భూమి కింద మనిషి ఒంటరితనం.”

“నువ్వెప్పుడు దిగావయ్యా గనిలోకి? పాతికేళ్ళు కాంటీన్లో గరిటె తిప్పావు.”

“గరిటె తిప్పేవాడికి ఒంటరితనం ఉండదా?”

గెర్షోమ్ చెయ్యెత్తాడు. “ఒకటో స్థానం.”

“కారణం?”

“కారణం చెప్పను సార్. ఒక్కసారి మీ రికార్డివ్వండి.”

అధ్యక్షుడు తన రికార్డుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిని దుప్పట్లో చుట్టి, బాలింత బిడ్డని తెచ్చినట్టు తెచ్చుకుంటాడు. గెర్షోమ్ దాన్ని తీసుకుని, రెండో వైపు తిప్పి, అంచులు పట్టుకుని ఎండకి ఏటవాలుగా పెట్టాడు.

“అందరూ చూడండి. ఈ వైపు నాలుగు పాటలు. మూడు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆఖరిది బూడిదలా ఉంది. సూది తిరిగి తిరిగి అరగదీసింది. ఎనిమిదో స్థానం పాటని ఇన్నిసార్లు ఎవరు విన్నారు సార్, మీ ఇంట్లో?”

అధ్యక్షుడి మెడ మీద చెమట పట్టింది. “నేను... తప్పులు పట్టడానికి వింటాను.”

“ముప్పై ఏళ్ళ పైనయింది. ఇంకా దొరకలేదా?”

ఉపాధ్యక్షుడు నవ్వు ఆపుకోబోయి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. బానా కసూబా చూసింది ముందు కుర్చీ కాళ్ళనే. వంటింట్లోంచి గెర్షోమ్ భార్య ఫెలిస్టస్ నవ్వు కూడా వినిపించింది. ఆ ఏడు కుండ పాట ఒకటో స్థానానికెక్కింది.

బానా కసూబా మాత్రం నవ్వలేదు. దొంగసొత్తుకి పట్టాభిషేకం చేస్తుంటే ఎవరు నవ్వుతారు?

గెర్షోమ్ ఊరివాడు కాదు. తూర్పు నుంచి, చిపాటా అవతలి పల్లె నుంచి, పద్దెనిమిదేళ్ళప్పుడు ఒక సూట్‌కేసూ రెండు జతల చెప్పులూ పట్టుకుని గనికొచ్చిన న్గోనీవాడు. న్గోనీలకీ బానా కసూబా వాళ్ళ బెంబాలకీ తాతల కాలంలో యుద్ధాలు జరిగాయి. యుద్ధాలు పోయి నోళ్ళు మిగిలాయి. బావామరదళ్ళ వరసలాగా ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, ఎక్కడైనా అనుకోవచ్చు, శవం పక్కన కూడా. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. అందుకని గెర్షోమ్ పక్కింట్లో దిగిన మొదటి పొద్దున్నే ఆవిడ కంచె మీంచి, “ఎలకలు తినేవాళ్ళొచ్చారు, పిల్లిని మానిపించెయ్యొచ్చు” అంది. అతను తువ్వాలు భుజాన వేసుకుంటూ, “కోతులు తినేవాళ్ళ పక్కన దిగాను, తోక లేనివాళ్ళని మాత్రం చుట్టాలనుకుని వదిలేస్తారట కదా వదినా” అన్నాడు. అలా వరస కలిసింది.

గనిలో అతని పని వైండర్ నడపడం. పైన ఒక గదిలో కూర్చుని, గంట మోతలు విని, మనుషుల్ని పంజరంలో కిందికి దించడం, పైకి లాగడం. మూడు గంటలు మోగితే పంజరంలో మనుషులున్నారని అర్థం. లోపల ఎవరున్నారో అతనికి కనపడదు. ఎవరని అడగడు. గంటల వరస తప్పకుండా వింటాడు, అంతే. ముప్పై ఏళ్ళు అలా విన్నవాడికి లోకమంతా వరసలో లేకపోతే అన్నం దిగదు. తన చెప్పులకి వరస కట్టాడు. ఊళ్ళో పాస్టర్లకి, ప్రార్థన ఎంతసేపట్లో ముగిస్తారన్న లెక్కన వరస కట్టాడు. ఒక ఈస్టరుకి మరీ తెగించి, ఆ వీధిలో ఆడవాళ్ళు వండే కపెంటా చేపల కూరకి వరస కట్టాడు. ఫెలిస్టస్ ఒకటి. బానా కసూబా ఐదు.

ఐదు! ఆవిడ పేరు చెప్తే నాలుగు టౌన్‌షిప్పుల పెళ్ళికూతుళ్ళు నిలబడతారు. పెళ్ళికి ముందు పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి, మట్టి బొమ్మలు చూపించి, పాటలతో కాపురం నేర్పే పెద్దామె ఆవిడ. బడికి వెళ్ళింది రెండేళ్ళే, అదీ పలక కోసం. కానీ ఏ పాట తర్వాత ఏ పాట, ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ అన్నది ఆవిడకి కాగితం మీద అక్కర్లేదు. కపెంటాలో టమాటా ఎప్పుడు వెయ్యాలో కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే మిగతా నలుగురూ. ఫెలిస్టస్‌తో సహా. ఆ వరస పోగొట్టే దాకా ఆవిడ గెర్షోమ్ పెట్టిన మంకోయో అంబలి ముట్టనంది. ముట్టింది గానీ, ముట్టిన ప్రతిసారీ ఐదు గుక్కలు లెక్కపెట్టి తాగి గిన్నె కింద పెట్టేది.

ఇక ఆ రికార్డు సంగతి. సెంటా అంటే రాగి కరిగే చోట లేచి, గొంతులో గోకి, బట్టలు తాడు మీదే చివికిపోయేలా చేసే పొగ. ఆ పొగలో పుట్టి పెరిగిన నలుగురు కుర్రాళ్ళు ఆ పేరే పెట్టుకుని రెండు రికార్డులు చేశారు. గిటార్లు పిల్లుల్లా అరిచాయి, కుర్రాళ్ళంతా జుట్లు పెంచారు, తల్లులంతా దువ్వెనలు దాచారు. అందరూ సుఖంగా ఉన్నారు. అప్పుడు వాళ్ళు మూడో రికార్డు చేశారు. అట్ట మీద మంటలూ లేవు, తోలు కోట్లూ లేవు. ఒక మట్టి కుండ. అంతే. లోపల గిటారు సగం తగ్గింది, డోలు రెట్టింపయింది. సగం ఊరు ఇంతకన్నా గొప్పది పుట్టదంది. మిగతా సగం వీళ్ళకి పొగ తలకెక్కిందంది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఒక పెళ్ళి సంబంధం తప్పిపోయింది. ఆ పిల్ల ఇప్పటికీ ‘కుండ రికార్డు’ పేరెత్తితే దండం పెడుతుంది, ఆ వంక మీద తప్పించుకుంది గనక.

గెర్షోమ్ దాన్ని జీతం రోజున తెచ్చి, కాళ్ళు కడుక్కుని, పెట్టాడు. ఫెలిస్టస్ అప్పుడు కొత్త కోడలు, పొయ్యి మీద మొక్కజొన్న న్షిమా తిప్పుతోంది. ఏడు పాటలు తిప్పుతూనే ఉంది. ఎనిమిదోది మొదలవగానే తెడ్డు పట్టుకుని బయటికొచ్చింది.

“ఆపు.”

“ఏం?”

“మగవాళ్ళు వినకూడదది. ఆపు.”

“రేడియోలో వేస్తున్నారే!”

ఆవిడ తెడ్డుతోనే పక్కింటికి పరిగెత్తి బానా కసూబాని పిలుచుకొచ్చింది. ఇద్దరూ కిటికీ కింద నిలబడ్డారు. మూడు వాక్యాలు విని బానా కసూబా నడుముకున్న చితెంగే బట్ట బిగించి కట్టింది. పాడేవాడు జైరస్. ఆవిడకి విద్య నేర్పిన గురువమ్మ కొడుకు. పాట కుండ బొమ్మ పాట. కాపురానికి వెళ్ళబోయే పిల్లకి, గడప దాటే ముందు, ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ లేని గదిలో పాడేది. వెధవ దాన్ని మైకులో పాడాడు.

ఊరు మీద పడి తిడదామంటే దారి లేదు. ఏం దొంగిలించాడో చెప్పాలి కదా. చెప్తే మిగిలిందీ తనే పంచిపెట్టినట్టవుతుంది. అందుకని నాలుగు టౌన్‌షిప్పుల పెద్దామెలూ నోరు మూసుకున్నారు. వాళ్ళ జన్మలో అదొక్కసారే.

కిటికీ కింద ఇంకొకటి కూడా జరిగింది. పాట నడిమికొచ్చింది. గొంతు ఆగింది, గిటారు ఆగింది, ఉత్త డోలు నడుస్తోంది. అంత కోపంలో ఉన్న ఫెలిస్టస్ ఉన్నట్టుండి తెడ్డు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. కళ్ళ నీళ్ళొచ్చేలా, గోడ పట్టుకుని. లోపల్నుంచి గెర్షోమ్ చూశాడు. ఏమిటని అడగలేదు. మర్నాడు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే నవ్వింది. ఇక ఆ పాట అతని వరసలో ఒకటో స్థానం దిగలేదు.

మూడేళ్ళ కింద ఫెలిస్టస్ పోయింది. గెర్షోమ్ ఇప్పటికీ ఆదివారం చర్చి అయ్యాక కుండ పాట పెడతాడు. డోలు చోటుకొచ్చేసరికి వంటింటి తలుపు వైపు చూస్తాడు. తలుపేం చేస్తుంది, తలుపులా ఉంటుంది. బానా కసూబా కంచె ఇవతల గిన్నెలు గట్టిగా తోముతుంది.

ఈ ఏడు సంఘానికి జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరో గడ్డపు కుర్రాడు పాత రికార్డులన్నీ మళ్ళీ అచ్చు వేస్తాడట. కుండ రికార్డు వేస్తాడట. కానీ రెండో వైపు మరీ పొడుగైందట, అంత ఇరికిస్తే శబ్దం నీరసంగా వస్తుందట. ఒక పాట తీసెయ్యాలి. ఏది తియ్యాలో తెలిసినవాళ్ళు మీరే కనక వరస కట్టి పంపండి, రెండో వైపున అన్నిటికన్నా కింద ఉన్నది తీసేస్తాను అని రాశాడు.

అధ్యక్షుడు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగోసారి నిలబడి చదివాడు.

ఆ ఆదివారం పెరట్లో సంఘంవాళ్ళ కుర్చీలు ఆరే నిండాయి. ఒంటరితనం గురించి చెప్పే కోశాధికారి ఆగస్టులో ఒంటరిగానే పోయాడు. కుండ పాట తియ్యాలని ముగ్గురు, వద్దని ముగ్గురు. పాస్టరుగా మారిన కార్యదర్శికి ‘ప్రభువా నా గిటారు’ పాట పోకుండా ఉంటే చాలు, కుండ పోయినా ఫర్లేదు. ఓట్లు సమమైతే అధ్యక్షుడి ఓటు రెండుసార్లు లెక్క అని నిబంధనల్లో ఉంది. నిబంధనలు రాసింది అధ్యక్షుడే.

“అన్యాయం సార్,” అన్నాడు గెర్షోమ్.

“అన్యాయం కాదు. నేను న్యాయంగా మాట్లాడే మనిషిని. ఆ నాలుగు నిమిషాల్లో ఏముంది? ఏముందో చూపించు. వచ్చే ఆదివారం చివరిసారి అందరం విందాం. ఆ డోలులో ఏదో ఉందని ఒక్క మనిషి నాకు చూపిస్తే, నా ఓటు మార్చుకుంటాను. కార్యదర్శిగారూ, రాసుకోండి.”

కార్యదర్శి రాశాడు. గెర్షోమ్ వంటింటి వైపు చూశాడు. అతని దగ్గర చూపించడానికి ఒక తలుపు ఉంది, అంతే. కుర్చీలు పేర్చుకుంటున్న బానా కసూబాకి లోపల చల్లగా అనిపించింది. పీడ వదిలింది, మా పాట మా గదిలోకి తిరిగొస్తుంది అనుకుంది. ఇంటికెళ్ళి కపెంటా వండింది. ఎందుకో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

గురువారం పొద్దున ఆవిడ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తుంటే గెర్షోమ్ వచ్చాడు. చేతిలో మంకోయో సీసా.

“ఏం మరిదీ, ఎలకలు అయిపోయాయా? మా ఇంట్లో లేవు.”

“కోతి మాంసం మిగిలిందేమోనని వచ్చాను వదినా.”

కూర్చోమనక ముందే కూర్చున్నాడు, ముందు పడి ఉన్న కాయలు ఒలవడం మొదలెట్టాడు. పప్పులు ఒక పక్క, పుచ్చువి ఒక పక్క, రెండు గింజలవీ మూడు గింజలవీ వేరువేరుగా. ఆవిడ చూసి అన్నిటినీ చేత్తో కలిపేసింది.

“చెప్పు. కపెంటా వరస మారుస్తానని చెప్పడానికొచ్చావు, అంతేనా?”

“మూడో స్థానం.”

“రెండు.”

“వదినా, అబద్ధం ఆడలేను. మూడు.”

“అయితే పో. నీ పాట పోనీ. అసలది నీ పాటెప్పుడయింది? మా గదిలోంచి ఎత్తుకుపోయింది. జర్మనీవాడు తీసేస్తే వాడి గడ్డానికి నూనె రాస్తాను.”

గెర్షోమ్ ఒక కాయ ఒలిచి, పప్పు తినకుండా చేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

“పాటలో ఏముందో నాకు చెప్పొద్దు. అడగను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఫెలిస్టానే అడగలేదు. ఒక్క సంగతి చెప్పు. అది అక్కడ నవ్వింది కదా, ప్రతిసారీ. నన్ను చూసి నవ్విందా?”

బానా కసూబా చేతులు ఆగాయి. ఇన్నేళ్ళూ వీడు పాటకి వరస కడుతున్నాడనుకుంది. వీడు కడుతున్నది ఇంకేదో.

“నిన్ను చూసి నవ్వడానికి అంత దూరం పాట దాకా వెళ్ళాలా? నీ పాంట్లు చాలు.”

“వదినా.”

“నిన్ను చూసి కాదు.” ఆవిడ చాట పక్కన పెట్టింది. “ఏముందో చెప్పను. ఏం జరిగిందో చెప్తాను, అది రహస్యం కాదు, వాడి తెలివితక్కువతనం. మా గురువమ్మ పిల్లలకి నేర్పేటప్పుడు చంటివాణ్ణి వీపున కట్టుకునేది. ఎవరి దగ్గర వదుల్తుంది? మాటలు వచ్చీ రాని వయసు, చెవులు మాత్రం ఏనుగు చెవులు. జైరస్ గాడు ఆ పాట అలా నేర్చుకున్నాడు, వీపు మీద. మొదలు బాగా విన్నాడు. నడిమికొచ్చేసరికి మా డోళ్ళ ఊపుకి నిద్రపోయేవాడు. ప్రతిసారీ అక్కడే. మేం చివరికొచ్చి చప్పట్లు కొడితే ఉలిక్కిపడి లేచేవాడు. మళ్ళీ చివర విన్నాడు.”

గెర్షోమ్ ఆవిడ వంకే చూస్తున్నాడు.

“నడుమ పెద్ద చరణం ఉంది మరిదీ. పాటంతా ఉన్నదే దానికోసం. అదే వాడికి రాదు. రికార్డు చేసేటప్పుడు అక్కడ ఏం పెట్టాలో తెలీక ఉత్త డోలు పెట్టాడు. మీ చీకటీ, మీ ఒంటరితనమూ, అధ్యక్షుడి స్నానమూ, అన్నీ కలిపి ఒక చంటివెధవ కునుకు.”

అతని చేతిలోంచి పప్పు కింద పడింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత నవ్వు బయటికొచ్చింది. దగ్గొచ్చింది, మళ్ళీ నవ్వొచ్చింది. “ముప్పై ఏళ్ళు... కోశాధికారి ఏడ్చేవాడు వదినా, అక్కడికొచ్చేసరికి... నిజం కన్నీళ్ళు...”

“వాడు ఇది తెలియకుండా పోవడమే మంచిదయింది.”

“మరి ఫెలిస్టా?”

“దానికి చరణం వచ్చుగా. డోలు మొదలవగానే దాని లోపల అది నడిచేది. అందులో ఒక చోట...” ఆవిడ పెదాలు బిగించింది. కానీ కళ్ళు మాట వినలేదు. అక్కడికొచ్చేసరికి ఏ వయసు ఆడదైనా, ఎంత పెద్ద పీట మీద కూర్చున్నా, నవ్వకుండా దాటిన మనిషిని ఆవిడ చూడలేదు. ఆవిడ చితెంగే కొస నోటికడ్డం పెట్టుకుని వేరుశనగ చాట ఒళ్ళోకి లాక్కుంది. చాట కాసేపు అదిరింది.

గెర్షోమ్ అదంతా చూశాడు. గంట మోత విన్నవాడిలా నిటారుగా కూర్చున్నాడు. అప్పుడే ఒకటి తట్టినట్టుంది.

“అయితే అది నీకూ వస్తుంది, నవ్వు.”

“ఏడిశావు.”

“నాలుగు నిమిషాల్లో ఏదో ఉందని ఒక్క మనిషి చూపిస్తే చాలన్నాడు. రాసుకున్నారు కూడా.”

“నన్ను నోరు విప్పమంటావా? ఆ ఆరుగురు ముసలి మగాళ్ళ ముందు? నాలిక కోసుకుంటాను.”

“నోరు విప్పొద్దు. ఎవరికీ ఏమీ చెప్పొద్దు.” అతను లేచి, మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దవాళ్ళకి దండం పెట్టినట్టు రెండు అరచేతులూ మెల్లగా చరిచాడు. న్గోనీవాడు బెంబా ఆడదానికి అలా చెయ్యడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు, చూస్తే ఏడాదంతా ఎగతాళి చేసేవారు. “ఆదివారం కుర్చీలు తీసుకుని ఎలాగూ వస్తావు. నీ గట్టి కుర్చీ వంటింటి తలుపు దగ్గర వేసుకో. డోలు మొదలవగానే నీ పాట నీలో నువ్వు పాడుకో, పెదవి కూడా కదపక్కర్లేదు. ఫెలిస్టా ఎక్కడ నవ్వేదో అక్కడికొచ్చాక, ఆపుకోకు వదినా. అందరికీ వినపడేలా నవ్వు. ఎందుకని ఎవరడిగినా చెప్పకు. నేనడిగినా చెప్పకు.”